సందు ఓర్వని తీగ

విజయవాడ ఆటోనగర్‌లో కుటుంబరావు గారి షెడ్డంటే పాల ట్యాంకులకి పేరు. ఆ షెడ్డుకి ఒక ఆచారముంది. స్టీలు గుల్ల తయారయ్యాక, చల్లదనం నిలవడానికి దాని మీద దూదీ పైరేకూ తొడగకముందే, ట్యాంకును ఆరుబయట ఎండలోకి లాగుతారు. అతుకులు వేసిన మనిషి పైనున్న గుండ్రటి మూతలోంచి లోపలికి దిగుతాడు. బయటివాళ్లు మూత వేసి, ఆ మూత మీద నల్ల పట్టా కప్పుతారు. లోపల కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. మిట్టమధ్యాహ్నపు ఎండ గుల్ల మీద పడుతుంటే, అతుకులో ఎక్కడైనా సూదిమొనంత బెజ్జం ఉంటే అది లోపలి మనిషికి చుక్కలా మెరుస్తుంది. ఆ చుక్క చుట్టూ సుద్దముక్కతో సున్న చుట్టి, బయటికొచ్చి, దాన్ని పూడ్చాలి.

నీళ్లు పోసి చూడొచ్చు, గాలి కొట్టి చూడొచ్చు. అవీ చూస్తారు. అయినా సరే, ముప్ఫై ఏళ్లుగా సైదులు మేస్త్రి లోపల కూర్చుని లేవని ట్యాంకు ఒక్కటి కూడా ఆ గేటు దాటలేదు. కొత్తగా వచ్చిన ఇంజనీరెవరైనా నవ్వితే ఆయన మొహం గంటు పెట్టుకునేవాడు.

"నీళ్లకి మొహమాటం ఉంటదయ్యా. సన్న బెజ్జమైతే చూసీచూడనట్టు ఊరుకుంటయ్. వెలుతురుకి అట్టాంటివేం లేవు," అనేవాడు.

అలాంటి మనిషికి అరవై ఒకటో ఏట కుడిచేయి వణకడం మొదలైంది. పెద్ద వణుకేం కాదు. కాఫీ గ్లాసు పట్టుకుంటే పక్కవాడికి తెలియదు. కానీ గ్రహచారం చూడండి, సరిగ్గా ఆ ఏడే పాల కంపెనీలవాళ్లు పాత ఆర్గాన్ వెల్డింగు వద్దు, లేజరు అతుకే కావాలని పట్టుబట్టారు. లేజరు అతుకు సన్నగా, నున్నగా వస్తుంది. పాలు ఇరుక్కుని పులవడానికి చోటుండదు. అయితే దాని పొగరు దానికుంది. రెండు రేకుల అంచులూ కాయితం దూరనంత దగ్గరగా ఉండాలి. అంతకు మించి ఎడమైతే ఆ కాంతి సందులోంచి అవతలికి దూకిపోతుంది గానీ స్టీలును కరిగించి కలపదు. అందుకని గన్ను మూతి పక్కనుంచి ఫిల్లరు తీగ అని ఒక సన్నటి తీగను అందిస్తారు. కాంతి పడ్డచోట అది కరిగి సందును నింపుతుంది. తీగ జోరెక్కువైతే గడ్డకడుతుంది, తక్కువైతే గుంట పడుతుంది. ఏది ఎలా ఉన్నా, పట్టుకున్న చేయి మాత్రం కుదురుగా ఉండాలి.

సైదులు మేస్త్రి లేజరుతో వేసిన మొదటి మూడు ట్యాంకుల్లోనూ, లోపల కూర్చుంటే ఆకాశం కనిపించినట్టు చుక్కలే చుక్కలు. మూడో ట్యాంకులోంచి బయటికొచ్చేసరికి ఆయన చేతిలో సుద్దముక్క అరిగిపోయింది. కుటుంబరావు గారు మంచివాడే, నోరు పారేసుకునే రకం కాదు.

"మేస్త్రీ, ఇకనుంచి మన ఖాజా చేత వేయిద్దాం. మీరు పక్కనుండి చూసుకోండి," అన్నాడు మెల్లగా.

ఆ పక్కనుండి చూసుకోమన్న మాటే మేస్త్రికి ముల్లులా దిగబడింది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద కలిపినట్టే వదిలేసి లేచాడు. భార్య వజ్రమ్మ ఏమైందని అడిగితే చెప్పలేదు. కూతురు హైమ అడగకుండానే గ్రహించింది.

హైమ లోహాల చదువు చదివింది. ఊరవతల ఇంజనీరింగు కాలేజీ ప్రయోగశాలలో పరిశోధన చేస్తోంది. చిన్నప్పుడు ఆ పిల్ల ఆడుకున్నది బొమ్మలతో కాదు, షెడ్డులో రాలిన రేకుముక్కలతో. చేయి కుదురుగా లేకపోతే, ఆ కుదురు లేకపోవడాన్ని సర్దుకుపోయే తీగ ఎందుకుండకూడదని ఆమెకు తోచింది. మిగతా పరిశోధనలు ఎక్కడ పుడతాయో నాకు తెలియదు గానీ, ఇది మాత్రం ఒక తినని అన్నం ముద్దలోంచి పుట్టింది.

పద్నాలుగు నెలలు పట్టింది. మామూలు స్టీలు తీగ కడుపులో తను తయారుచేసిన ఒక పొడి కూరింది. లేజరు కాంతి తగిలితే ఆ పొడి మేలుకుంటుంది. మేలుకున్నాక దానికి ఒకటే గుణం. రెండు అంచుల మధ్య ఖాళీ కనిపిస్తే ఓర్చుకోలేదు. కరిగిన లోహాన్ని ఈ అంచు నుంచి ఆ అంచుకి తనే లాక్కుపోయి కలిపేస్తుంది. చేయి వణికినా, రేకులు ఎడంగా ఉన్నా దానికి లెక్కలేదు.

జనవరి చివర్లో మొదటి తీగచుట్టను స్కూటీ మీద పెట్టుకుని షెడ్డుకి తెచ్చింది.

"గట్టిగా పట్టుకోకు నాన్నా. తీగ తోసే తోపుకి గన్నే వెనక్కి జరుగుతుంది. నువ్వు దాంతోపాటు నడిస్తే చాలు."

"నడవటం కూడా నేర్పుతున్నావంటే నా పనైపోయినట్టే," అన్నాడు మేస్త్రి, నల్లద్దాలు దించుకుంటూ.

అతుకు పూర్తయింది. మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆయన లోపలికి దిగాడు. పావుగంటకి మూత తట్టాడు. బయటికొచ్చి చేతిలోని సుద్దముక్కను ఖాజాకిచ్చాడు. ఖాజా దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన దగ్గర ఇరవై ఏళ్లుగా పని నేర్చుకుంటున్న మనిషికి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. సుద్ద కొస అరగలేదు.

"ఒక్కటి కూడా లేదా గురువుగారూ?" అన్నాడు.

"ఒక్కటి కూడా లేదురా," అన్నాడు మేస్త్రి. ఆ పూట ఇంట్లో ఆయన పప్పు మారు వడ్డించుకున్నాడు. వజ్రమ్మ కూతురి వంక చూసి కళ్లు తుడుచుకుంది. షెడ్డులో ఆ తీగకి అమ్మాయి తీగ అని పేరు పడిపోయింది.

ఆటోనగర్‌లో ఇంకో పద్ధతుంది. తీగచుట్ట చివర రెండు మూడు బారల ముక్క యంత్రానికి అందకుండా మిగిలిపోతుంది. ఆ తోక మేస్త్రి సొత్తు. దాన్ని ఎవరూ అడగరు. సైదులు మేస్త్రి ఇంట్లో విరిగినవన్నీ షెడ్డుకి మోసుకెళ్లి ఆ తోకలతో అతికి తెచ్చేవాడు. ఫిబ్రవరిలో పొయ్యిగట్టు పక్కనుండే స్టీలు బియ్యం డబ్బా వంతొచ్చింది. మూత అంచు చీలిందని చుట్టూ నీటుగా అతికాడు.

వారం తిరక్కుండానే వజ్రమ్మ వంటింట్లోంచి కేకేసింది.

"ఏమే హైమా, ఈ మూత రావట్లేదు, ఓ చెయ్యెయ్యి. మీ నాన్న అతికిన కాణ్ణుంచి మొరాయిస్తంది. ఇయ్యాల అసలు కదలనంటంది."

హైమ లాగింది. డబ్బా మొత్తం లేచింది గానీ మూత రాలేదు. వంగి చూసింది. మూత అంచుకీ డబ్బా అంచుకీ మధ్య గీత ఉండాలి కదా, ఆ గీత లేదు. గోరు పెట్టి చుట్టూ తిప్పింది. గోరు ఎక్కడా ఆగలేదు.

"తుప్పు పట్టినట్టుందమ్మా. కాలేజీకి పట్టుకెళ్లి తీయిస్తా."

"స్టీలుకి తుప్పేంటే?" అంది వజ్రమ్మ. హైమ అప్పటికే డబ్బా చంకన పెట్టుకుని గుమ్మం దాటింది.

ప్రయోగశాలలో ముక్క కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. మూత ఎక్కడ అయిపోయిందో డబ్బా ఎక్కడ మొదలైందో చెప్పే హద్దే లేదు. పొడి పడుకోలేదన్నమాట. లేజరు ఆపేశాక కూడా అది మేలుకునే ఉంది. ఆమె గబగబా పాత నమూనా రేకుల్ని బయటికి తీసింది. ఆ తీగతోనే అతికి, అతుకులో ఒకేసారి, ఒకేలా సన్నగా చీల్చి పెట్టిన రెండు రేకులవి. కిటికీ దగ్గర ఎండలో ఉన్న రేకులో చీలిక సగం పూడిపోయింది. నీళ్ల సీసాల ఫ్రిజ్‌లో మరచిపోయిన రేకులో చీలిక చీలికలాగే ఉంది. వేడికి పెరుగుతోంది, చలికి ఆగుతోంది.

ఇంకో సంగతి ఆమెను మరీ భయపెట్టింది. అతుకు పక్కనున్న మామూలు రేకును కూడా చీల్చి ఎండలో పెడితే, రెండు వేళ్ల వెడల్పు మేర అదీ పూడుతోంది. పాలకి తోడు వేసినట్టు, తీగ గుణం మెల్లగా రేకుకి పాకుతోంది.

ఆ రోజే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, చెప్పడానికి షెడ్డుకి వెళ్లేసరికి కుటుంబరావు గారు ఎవరో పాల కంపెనీ మనుషుల్ని వెంటబెట్టుకుని నాన్న అతుకుల్ని చూపిస్తున్నాడు. "అరవై దాటాక కూడా ఎవడికుందండీ ఈ చేయి," అంటున్నాడు. మేస్త్రి తలొంచుకుని, అద్దాలు తుడుచుకుంటూ, పెళ్లికొడుకులా సిగ్గుపడుతున్నాడు. ఆ మనిషి ఎదురుగా నిలబడి, నాన్నా ఇది నీ చేయి కాదు, నీ చేయి పని చేయకపోయినా సందుల్ని అదే తినేస్తోంది అని ఎలా చెప్తుంది? పాల ట్యాంకుల్లో ఉండేవి చల్లటి పాలే కదా, చలికి అది పడుకునే ఉంటుంది, ఈలోగా మందు కనిపెట్టేస్తాను అనుకుంది. చదువుకున్నవాళ్లకి తమను తాము నమ్మించుకోవడానికి కారణాలకేం కొదవ. ఫిబ్రవరి పోయింది, మార్చి పోయింది. ట్యాంకులు ఒకటొకటిగా గేటు దాటిపోతూనే ఉన్నాయి.

ఎండలు ముదిరాయి. ఏప్రిల్లో ఒక ఆదివారం పొద్దున్న వజ్రమ్మ కూతుర్ని పెరట్లోకి పిలిచి గొంతు తగ్గించింది.

"మీ నాన్న సంగతి నాకేం బాలేదే. పొద్దున్నే పేపరు ముందేసుకుని ఓ కన్ను మూసి చదువుతాడు, మళ్లీ రెండో కన్ను మూసి చదువుతాడు. నేను చూస్తే మడిచేస్తాడు. కళ్ల డాక్టరు దగ్గరికి కూడా పోయొచ్చాడంట, ఖాజా చెప్పాడు. ఇంట్లో ఒక్క ముక్క చెప్పలా."

హైమ షెడ్డుకెళ్లి ఖాజాను అడిగింది. ఖాజా అటూ ఇటూ చూసి చెప్పాడు.

"అమ్మాయిగారూ, నేను చెప్పినట్టు అనొద్దు. గురువుగారు లోపలికి దిగి ఒక చుక్క చూస్తారు. సున్న చుడతారు. రేపు పూడుద్దాంలే అని వచ్చేస్తారు. మర్నాడు మళ్లీ దిగితే సున్నైతే ఉంటది, చుక్క ఉండదు. నేనేమో ఎవడన్నా పూడ్చాడేమోలే అన్నా. ఆయన వినట్లా. చుక్క ఉంది, నా కళ్లకే కనపడట్లేదు అంటారు. ఇదివరకు పావుగంట కూర్చునే మనిషి ఇప్పుడు అరగంట, ముప్పావుగంట కూర్చుంటన్నారు లోపల. డాక్టరేమో కళ్లు శుభ్రంగా ఉన్నయ్ అన్నాడంట. నన్ను ఓదార్చటానికి అంటన్నాడురా అని కొట్టిపారేశారు."

ముప్ఫై ఏళ్లు కంటిని నమ్ముకుని బతికిన మనిషి తన కంటినే అనుమానిస్తున్నాడు. ఆ కళ్లకేం కాలేదని తెలిసినవాళ్లు ఈ భూమ్మీద ఒక్కరే, అది తను. ఇక లాభం లేదు, చెప్పేయాలి అనుకుంది. ఆ రోజు మేస్త్రి గుంటూరు పెళ్లికి వెళ్లాడు. సోమవారం ఆమెకు కాలేజీలో సమావేశం. మంగళవారం పొద్దున్న కాఫీ తాగుతూ, "నాన్నా, సాయంత్రం నీతో కాస్త మాట్లాడాలి," అంది. "దానికి ముహూర్తం ఎందుకే," అని ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఆ మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ప్రయోగశాలలో ఉండగా ఫోన్ మోగింది. ఖాజా.

"అమ్మాయిగారూ, మూత రావట్లేదు."

"ఏ మూత?"

"ట్యాంకు మూత. గురువుగారు లోపలున్నారు."

స్కూటీ ఎలా నడిపిందో ఆమెకే తెలియదు. షెడ్డు ఆవరణలో నిప్పులు చెరిగే ఎండలో ట్యాంకు గుల్ల నిలబడి ఉంది. ఇద్దరు మనుషులు పైకెక్కి మూత అంచు కింద గునపం దూర్చడానికి చూస్తున్నారు. గునపానికి దూరే సందే లేదు. నల్ల పట్టా తీసి కింద పడేసి ఉంది.

ఖాజా చెప్పింది ఇదీ. మూత వంకరగా కూర్చుంటోందని, దాని అంచులోంచి వెలుగు పడితే పరీక్ష చెడిపోతుందని, మేస్త్రే పొద్దున్న మూత చుట్టూ ఒక వరస అమ్మాయి తీగ వేసి ఎత్తు సరిచేశాడు. రబ్బరు పట్టీ ఇంకా వేయలేదు. స్టీలు మీద స్టీలు కూర్చుంది. పన్నెండింటికి లోపలికి దిగి, "ఇయ్యాల తొందరపెట్టకండిరా, నేను తట్టిందాకా తీయొద్దు," అన్నాడట. ఒంటిగంట దాటాక తట్టాడు. అప్పటికే మూత పట్టేసింది.

"నాన్నా," అని హైమ గుల్ల మీద చెవి పెట్టబోయి చుర్రుమని వెనక్కి లాక్కుంది. స్టీలు పెనంలా కాలుతోంది. చున్నీ మడిచి అడ్డుపెట్టుకుని మళ్లీ చెవి ఆనించింది.

"హైమా, నువ్వొచ్చావా," అని లోపల్నుంచి గొంతు. బావిలోంచి వచ్చినట్టుంది. "ఉక్కగా ఉందమ్మా. బాగా ఉక్కగా ఉంది."

కుటుంబరావు గారు గ్రైండరు తెప్పించాడు. "రేకు మధ్యలో కోసెయ్యండి. పోతే పోయింది ట్యాంకు," అన్నాడు. ఖాజా అతుకుకి దూరంగా, రేకు నడిమధ్యన చక్రం దింపాడు. నిప్పురవ్వలు లేచాయి. చక్రం రేకులో దిగింది, జానెడు ముందుకు పోయింది. హైమ కళ్లముందే, చక్రం వెనకాల కోత మూసుకుపోతోంది. ఎర్రగా వేడెక్కిన అంచులు రెండూ ఒకదానికొకటి చేయి చాచినట్టు దగ్గరికొచ్చి కలిసిపోయాయి. చక్రం రేకులో ఇరుక్కుని ఫట్‌మని పగిలింది. ఖాజా గ్రైండరు వదిలేసి వెనక్కి పడ్డాడు.

"ఏందిది?" అన్నాడు. ఒకతను ప్రార్థన చేసుకోవడం మొదలుపెట్టాడు.

రెండు వేళ్ల వెడల్పే అనుకుంది ఆమె. గుల్ల మొత్తం తోడుకుపోయింది.

"గ్యాస్ కట్టరు తెండి," అన్నాడు కుటుంబరావు గారు.

"వద్దు," అంది హైమ. "మంట తగిలితే ఇంకా జోరుగా మూసుకుంటుంది. లోపల మనిషి ఉడికిపోతాడు. ఐసు కావాలి. దిమ్మలు దిమ్మలుగా కావాలి. ఉప్పు కూడా. చల్లబడితే ఇది ఆగుతుంది. అప్పుడు గ్రైండరు కాదు, హ్యాక్సా బ్లేడుతో చేత్తోనే కోయాలి, నీళ్లు పోస్తూ."

కుటుంబరావు గారు ఆమె వంక వింతగా చూశాడు. "నీకెలా తెలుసమ్మా ఇదంతా?" అన్నాడు. "ముందు ఐసు తెప్పించండి," అంది ఆమె. ఆయన అడగడం మానేసి ఐసు ఫ్యాక్టరీకి ఫోన్ చేశాడు. అరగంట పడుతుందన్నారు.

ఆ అరగంటా షెడ్డులోని పైపులన్నిటితో గుల్ల మీద నీళ్లు కొట్టారు. ట్యాంకీ నీళ్లే ఎండకి కాగి ఉన్నాయి. గుల్ల మీంచి ఆవిర్లు లేచాయి. లోపల్నుంచి మాటలు తగ్గిపోయాయి. హైమ చున్నీ తడిపి తలకి చుట్టుకుని, చెవి స్టీలుకి ఆనించి, కదలకుండా నిలబడింది.

"హైమా."

"ఇక్కడే ఉన్నా నాన్నా. ఐసు వస్తోంది."

"ఒక మాట చెప్పాలే. మీ అమ్మకి చెప్పమాక." ఆయన ఆగి ఆగి మాట్లాడుతున్నాడు. "నా కళ్లు పోయినయ్యే. మూత చుట్టూరా కూడా వెలుతురు కనపడట్లా. ఇందాక దిగినప్పుడు, పట్టా కప్పకముందు సన్న గీత ఉంది. ఇప్పుడు పట్టా తీసినా అదీ లేదు. గుడ్డోణ్ణి అయిపోయానమ్మా."

చుట్టూ పదిమంది ఉన్నారు. నీళ్ల పైపులు పట్టుకున్నవాళ్లు, కుటుంబరావు గారు, ఖాజా. మెల్లగా చెప్తే ఆ స్టీలు దాటి లోపలికి పోదు. హైమ రెండు చేతులూ గుల్లకి ఆనించి, గొంతు చించుకుని అరిచింది.

"నీ కళ్లు బానే ఉన్నాయి నాన్నా. వెలుతురు రావడానికి సందు లేదు. ఆ తీగే సందులన్నీ పూడ్చేసింది. నువ్వు చుట్టిన సున్నల్లో చుక్కల్ని కూడా అదే పూడ్చింది. నాకు ముందే తెలుసు. నీకు చెప్పలేదు. వింటున్నావా? నీ కళ్లకేం కాలేదు."

లోపల్నుంచి జవాబు రాలేదు. ఖాజా చేతిలోని పైపులోంచి నీళ్లు ఉత్తినే నేల మీదకి పోతున్నాయి.

ఐసు బండి వచ్చింది. దిమ్మల్ని గోనెల్లో పెట్టి పగలగొట్టి, ఉప్పు కలిపి, మూత చుట్టూ గంపలతో పోశారు. స్టీలు ముట్టుకుంటే చేతికి అతుక్కునేంత చల్లబడేదాకా హైమ ఎవర్నీ బ్లేడు పెట్టనివ్వలేదు. తర్వాత ఖాజా మోకాళ్ల మీద కూర్చుని కోయడం మొదలుపెట్టాడు. రెండు లాగులకోసారి ఆపి కోత వంక చూశాడు. కోత అలాగే ఉంది. ఏడు బ్లేడులు విరిగాయి. మూడున్నరకి మూత పక్కన రేకులో ఒక చదరపు ముక్క ఊడి లోపల పడింది. ఖాజా ఆ కంతలోంచి దిగి మేస్త్రిని భుజానేసుకుని పైకి అందించాడు. ఆయన ఒళ్లు పొగలు కక్కుతోంది, చెమట కూడా ఆగిపోయింది. ముక్కు దగ్గర వేలు పెడితే మాత్రం ఊపిరి తగిలింది.

ఆసుపత్రిలో సెలైన్లు ఎక్కించి, ఒంటినిండా తడిగుడ్డలు వేశారు. వజ్రమ్మ బయట బెంచీ మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. సాయంత్రం ఆరింటికి మేస్త్రి కళ్లు తెరిచాడు. కాసేపు పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూశాడు. దాని రెక్కలు లెక్కపెట్టినట్టు పెదాలు కదిలాయి. తర్వాత కూతురి వైపు తల తిప్పాడు.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"ఫిబ్రవరి నుంచి."

ఆయన మళ్లీ ఫ్యాను వంకే చూశాడు.

"చెప్పాల్సింది నాన్నా. కుటుంబరావు గారు నీ చేతిని అంత మెచ్చుకుంటుంటే, అది నీ చేయి కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నువ్వు మళ్లీ అన్నం మానేస్తావని భయపడ్డా."

"అయితే ఆ అతుకులు నావి కావన్నమాట."

"కావు నాన్నా. నీ చేయి వణుకుతూనే ఉంది."

ఆయన దుప్పటి మీదున్న తన కుడిచేతిని చూసుకున్నాడు. అది వణుకుతోంది. ఆయన దాన్ని దాచుకోలేదు. కోప్పడతాడనీ, మొహం గోడవైపు తిప్పుకుంటాడనీ హైమ ఎదురుచూసింది. కోప్పడినా బాగుండుననిపించింది.

"ఆ తీగతో ఏసినయ్ ఎన్ని బయటున్నయ్?" అన్నాడు.

"పదకొండు. వాటికి భయం లేదు నాన్నా. చల్లటి పాలు పోస్తారుగా. చలికి అది పడుకునే ఉంటుంది."

మేస్త్రి లేవబోయాడు. సెలైను గొట్టం లాగితే ఆగిపోయాడు.

"పాలు దింపాక ఏం చేస్తారో తెలుసా నీకు?" అన్నాడు. గొంతు గరగరమంటోంది. "మసిలే నీళ్లతో కడుగుతారమ్మా. మూత రబ్బరు పట్టీ ఊడదీసి, మనిషి లోపలికి దిగి కడుగుతాడు. ఆవిరి పోకుండా మూత దగ్గరికేసుకుంటాడు. నీ చదువులో లేదా ఈ ముక్క?"

హైమ మంచం దగ్గరికి జరిగింది.

"నా ఫోన్ తీసుకో. డ్రైవర్ల నంబర్లన్నీ దాంట్లో ఉన్నయ్. బండి అప్పజెప్పేటప్పుడు రాసుకుంటా. చెయ్యి, ఒకటి తర్వాత ఒకటి చెయ్యి."

ఆమె మంచం అంచున కూర్చుని చేసింది. మొదటి బండి ఒంగోలు దారిలో పాలతో ఉంది. ఇక దాన్ని ఎవరూ కడగొద్దని చెప్పింది. రెండో డ్రైవరు ఎందుకు, ఏమిటి అని సతాయించాడు. మేస్త్రి ఫోన్ లాక్కుని రెండు తిట్లు తిట్టాక ఒప్పుకున్నాడు. మూడోవాడు ఎత్తలేదు. నాలుగోది వర్క్‌షాపులో ఉంది. అయిదోవాడు, మూత ఈమధ్య బిగుతుగా వస్తోందండీ, గ్రీజు పెట్టాం అన్నాడు.

ఆరో నంబరు ఏలూరు బండి.

"ఇప్పుడే పాలు దింపామండీ," అన్నాడు డ్రైవరు. "మా బావమరిది లోపల కడుగుతున్నాడు."

"దిగి ఎంతసేపైంది?"

"గంట దాటిందేమో. నేను టీ తాగొచ్చానండీ. ఈపాటికి పైకి రావాలి మరి."

"మూత తీయండి. ఫోన్ పెట్టేయకుండా ఎక్కి తీయండి."

ఇనుప మెట్ల మీద చెప్పుల చప్పుడు, ఆయాసం వినిపించాయి. మేస్త్రి మోచేతి మీద లేచి ఫోన్ దగ్గరికి వంగాడు. వజ్రమ్మ తలుపు తీసుకుని లోపలికొచ్చి, ఇద్దరి మొహాలూ చూసి అక్కడే నిలబడిపోయింది.

"ఇదేంటండీ, రావట్లేదు," అన్నాడు డ్రైవరు. తర్వాత అతను ఫోన్‌తో మాట్లాడటం మానేశాడు. బావమరిదిని పేరు పెట్టి పిలుస్తూ మూత మీద గుద్దడం మొదలుపెట్టాడు.

"ఐసు తెప్పించండి," అంది హైమ. "మంట పెట్టొద్దు, గ్రైండరు పెట్టొద్దు. ఐసు పోయండి. వినిపిస్తోందా? ఐసు." ఆమె లేచి నిలబడి, ఆసుపత్రి అంతా వినపడేలా, మళ్లీ మళ్లీ అదే చెప్తోంది. అవతల ఆ గుద్దుల మధ్య అతనికి ఆమె గొంతు అందడం లేదు.